చింకా అమ్మమ్మ కట్టిన లైను

చింకా అమ్మమ్మకి లైన్లో నిలబడటం వచ్చు. నవ్వకండి. అదేమంత విద్య, మాకూ వచ్చుగా అంటారేమో, మీరు నిలబడేది వేరు, ఆవిడ నిలబడేది వేరు. మనం నిలబడితే కాళ్ళు పీకుతాయి, ముందున్నవాడి మెడ చూసీ చూసీ విసుగొస్తుంది, కాసేపటికి ఎవడో ఒకడి మీద అరుస్తాం. ఆవిడ నిలబడితే ఆ చోట సంసారాలు నడుస్తాయి. చంటిపిల్లలకి పాలెక్కడ దొరుకుతాయో తెలుస్తుంది, అలిగినవాళ్ళు మాట్లాడుకుంటారు, పెళ్ళికాని పిల్ల పక్కకి పెళ్ళికాని కుర్రాడు ఎలా వచ్చి చేరతాడో ఎవరికీ అర్థం కాదు. ఆవిడ మొగుడు ఎలాదియో, పాపం పోయాడు, ఆవిడని మొదటిసారి చూసింది గ్యాసుబండ లైన్లోనే. తన వంతు వచ్చినా ముందుకి కదలకుండా ఆమె మొహమే చూస్తూ నిలబడిపోయాడట. "బండ వదిలేసి నన్ను పట్టుకెళ్ళాడు, సన్నాసి," అనేది ఆవిడ, సంబరంగా.

పూర్తి పేరు మరియా చికింకిరా ఉర్దనేతా. వెనెజులాలోని మరకైబో ఊళ్ళో ఆడపిల్ల పుడితే ఆ ఊరిని కాచే చికింకిరా తల్లి పేరు పెట్టేస్తారు, తర్వాత అంత పేరు పిలవలేక చింకా అని కుదించేస్తారు. శాంతా లూసియా పేటలో సరస్సు గాలి పీలుస్తూ పెరిగింది. కుట్టుపని చేసేది. తర్వాత వెనెజులాకి పాడుకాలం వచ్చింది. బట్టలు కుట్టించుకునేవాళ్ళు లేరు. పిండికి లైను, నూనెకి లైను, సబ్బుకి లైను. ఉద్యోగాలున్నవాళ్ళకి నిలబడే తీరిక లేదు, ముసలివాళ్ళకి ఓపిక లేదు. అప్పుడు చింకా ప్లాస్టిక్ స్టూలు ఒకటి చంకన పెట్టుకుని ఇంట్లోంచి బయల్దేరింది. పేటలో సగం మందికి ఆవిడే చోటు పట్టి ఉంచేది. కూలి కింద ఒక గ్లాసు పంచదారో, సగం కోసిన సబ్బో ఇచ్చేవారు. అలా ఇల్లు గడిపింది.

ఆ లైన్లకి ఒక శాస్త్రం ఉండేది. గుర్తింపు కార్డు చివరి అంకెని బట్టి రోజు. సున్నా, ఒకటి అయితే సోమవారం. అలా పోయి పోయి ఎనిమిది, తొమ్మిది శుక్రవారం. నీ రోజు కాని రోజున వెళ్ళావో, పిండి సంగతి దేవుడెరుగు, పదిమందిలో చీవాట్లు తినాలి. తెల్లారకుండా వెళ్ళాలి. వచ్చిన వరస తప్పకుండా చేతిమీద పెన్నుతో అంకె వేయించుకోవాలి. చివర్న కౌంటరు దగ్గర మిషను మీద బొటనవేలు నొక్కాలి. కుట్టుపని చేసిన వేలు కదా, గీతలరిగిపోయి మిషను ఒక్కోసారి ఆవిణ్ణి ఆవిడ కాదనేది. "నేను కాకపోతే మరి ఎవరే ఇది, మీ అమ్మా?" అని మిషనుతో పోట్లాడేది చింకా.

ఇప్పుడు ఆవిడ ఉండేది న్యూయార్కులో, క్వీన్స్ అనే పేటలో ఒక హోటల్లో. హోటలంటే విడిదీ విలాసం అనుకునేరు. నడిచీ, బస్సెక్కీ, అడవి దాటీ వచ్చిన కుటుంబాలకి నగరంవాళ్ళు గదులిచ్చిన హోటలది. ఒకే గదిలో కూతురు యురైమా, అల్లుడు యోర్విస్, ఆరేళ్ళ మనవరాలు విల్‌మారిస్, చింకా. మంచాలు రెండు, కిటికీ ఒకటి, పొయ్యి లేదు. గదిలో వండితే గది ఖాళీ చేయిస్తారు. తిండి కింద హాల్లో డబ్బాల్లో వచ్చేది. పెట్టినవాళ్ళని తప్పుపట్టకూడదు, పెట్టారు, అదే గొప్ప. కానీ ఆ సాండ్‌విచ్ నోట్లో పెట్టుకుంటే పళ్ళు జివ్వుమనేవి. చింకా దాన్ని రెండు చేతుల మధ్య పెట్టుకుని ఊదేది. "ఏం చేస్తున్నారత్తయ్యా?" అని యోర్విస్ అడిగితే, "దీనికి జలుబు చేసింది నాయనా, కాస్త కాపడం పెడుతున్నా," అనేది.

పెద్దవాళ్ళ సంగతి ఎలాగో నడిచిపోయేది. పిల్ల తినేది కాదు. అదీ బాధ. అల్లరి చేసి తినకపోతే ఓ పద్ధతి. విల్‌మారిస్ అల్లరి చేసేది కాదు. డబ్బా ముందు పెడితే మర్యాదగా మూత పెట్టి, "నేను తినేశాను," అనేది. "ఎక్కడ తిన్నావే?" అంటే, "బళ్ళో." సరే కాబోలు అనుకున్నారు. ఓ రోజు బడి నుంచి టీచరమ్మ ఫోను చేసింది. "మీ పాప ఇంట్లో తినేసి వస్తున్నానంటోంది, ఇక్కడేం ముట్టుకోవట్లేదు," అంది. యురైమా ఫోను పట్టుకుని అలాగే మంచం మీద కూలబడింది. పిల్ల చేతులు చూస్తే చిన్న కర్రపుల్లలు. చింకాకి గుండెల్లో రాయి పడింది. పైకి మాత్రం కొట్టిపారేసింది. "దీనికే జబ్బూ లేదు. దీనికి అరెపా లేదు, అంతే. వేడివేడిగా ఓ అరెపా నా చేత్తో తట్టి పెడితే తినకేం చేస్తుంది? నేను పెడతా, చూడండి."

అరెపా అంటే మొక్కజొన్న రొట్టె. అరచేతిలో తట్టి, పెనం మీద కాల్చి, మధ్యకి చీల్చి చీజు కూరి ఇస్తారు. దానికి తెల్లటి పిండి, అదొక్కటే పిండి, ఇంకోటి పనికిరాదు. ఆ పిండికి చేతిలో పైసా లేదు. యోర్విస్ మోపెడు మీద తిండి పొట్లాలు ఊరంతా చేర్చేవాడు, ఆ వచ్చింది మోపెడు అద్దెకే సరిపోయేది. యురైమా వేరే హోటళ్ళలో పనికి కుదిరింది గానీ కూలి ఇంకా చేతికి రాలేదు.

అలా ఉండగా ఓ గురువారం సాయంత్రం కార్డొచ్చింది.

హోటలు కింద హాల్లో నగరం తరఫున వచ్చిన అమ్మాయి ఒక్కో కుటుంబాన్నీ పిలిచి కార్డు చేతిలో పెట్టింది. అందులో డబ్బు నగరమే వేస్తుందట. తిండి సరుకులకీ, చంటిపిల్లల సామానుకీ తప్ప దేనికీ పనిచేయదట. వేరే దేనికీ వాడబోమని సంతకం పెట్టాలట. కార్డు తీసుకున్నవాళ్ళకి రేపట్నుంచి డబ్బాలు రావట. యురైమా సంతకం పెట్టింది. వెనకనుంచి చింకా తల ముందుకి పెట్టి, "ఏ రోజు?" అంది.

"ఏంటమ్మా?"

"మాకు ఏ రోజు అని."

"ఏ రోజైనా వెళ్ళొచ్చమ్మా," అంది ఆ అమ్మాయి నవ్వుతూ.

చింకా మొహం చిన్నబోయింది. గదికి వచ్చాక తలుపేసి, గొంతు తగ్గించి చెప్పింది. "ఏ రోజైనా అందంటే దానర్థం ఆ పిల్లకే తెలీదని. ఏ రోజైనా అంటే ఏ రోజూ కాదని. నా దగ్గరా ఈ ఆటలు?"

"అమ్మా, మూలమీద కొట్టు ఇంకా తెరిచే ఉంది. ఇప్పుడే వెళ్ళి పిండి తెచ్చేస్తా," అని యురైమా చెప్పులేసుకోబోయింది.

"ఆగు! చివరి అంకె చూశావా? ఎనిమిది. ఎనిమిదంటే శుక్రవారం. రేపే! ఇవాళ గీకావంటే కార్డు మూసేస్తారు. డబ్బాలూ రావు, కార్డూ పోయె, పిల్లకేం పెడతావు, నీ ఫోనా?"

"అమ్మా, ఇది మరకైబో కాదు."

"మరకైబో కాదని నాకు తెలీదా? ఇంత చలి మరకైబోలో ఎప్పుడైనా చూశానా?"

యోర్విస్ మంచం మీంచి అన్నాడు. "అత్తయ్యా, ఇక్కడ లైన్లుండవు. లోపలికెళ్ళి తీసుకోవడమే."

"లైను లేకుండా పిండా?" చింకా అల్లుణ్ణి జాలిగా చూసింది. "అలా ఇచ్చేస్తే ఆ పిండిలో ఏదో కలిపే ఉంటారు నాయనా."

ఆయన పొట్టపట్టుకుని నవ్వాడు. యురైమాకి ఒళ్ళు మండింది గానీ పొద్దున్నించీ హోటళ్ళలో పక్కలు మార్చి వచ్చిన మనిషి, వాదించే ఓపిక లేదు. ఒక్క రాత్రేగా అని ఊరుకుంది. చింకా కార్డుని జాకెట్లో దోపుకుంది. బొటనవేలికి క్రీము పట్టించి, గుడ్డ చుట్టుకుని మరీ పడుకుంది. రేపు మిషను తనని కాదనకూడదు.

తెల్లవారుజామున స్టూలు చంకన పెట్టుకుని అడుగులో అడుగేసుకుంటూ తలుపు దాకా వెళ్ళింది. వెనకనుంచి, "లైనుకా అమ్మమ్మా?" అని వినబడింది. విల్‌మారిస్ అప్పటికే కోటు తొడుక్కుంటోంది. దానికి లైనంటే పండగ. నడక నేర్చింది లైన్లోనే.

మూలమీద కొట్టు రదామెస్‌ది. దొమినికన్ ద్వీపం మనిషి, ఆ మూలనే వ్యాపారం చేస్తూ తల నెరిసినవాడు. సరుకులూ అమ్ముతాడు, ఒక పక్కన పెనం పెట్టి గుడ్డు రొట్టెలూ వేస్తాడు. అప్పటికి షట్టరు ఇంకా దించే ఉంది. చింకా షట్టరు పక్కన స్టూలు వేసి, పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, మొదటి చోటు పట్టింది. చుట్టూ చూసింది. ఎవరూ లేరు. "చూశావా, సోమరులు. ఇంకా ఒక్కరూ రాలేదు," అంది మనవరాలితో, గర్వంగా.

అటుగా త్రాన్సితో వచ్చింది. అదే హోటలు, పై అంతస్తు. ఈక్వెడార్ కొండల మనిషి, వీపున చంటిబిడ్డని కట్టుకుని, మెట్రో స్టేషను దగ్గర మామిడి ముక్కలు అమ్మడానికి బండి తోసుకుపోతోంది. చింకాని చూసి ఆగింది.

"ఏమిస్తున్నారమ్మా?"

"పిండి. కార్డుందా?"

"ఉందమ్మా, నిన్ననే ఇచ్చారు."

"చివరి అంకె?"

త్రాన్సితో కార్డు తీసి చూసింది. "ఏడు."

చింకా నాలుక చప్పరించింది. "ఏడంటే గురువారం. అయిపోయింది నీది. నిన్న రావాల్సింది."

పాపం త్రాన్సితో బండి అక్కడే వదిలేసి దగ్గరికొచ్చింది. "నాకెవరూ చెప్పలేదమ్మా! ఇప్పుడెలా? వచ్చే వారందాకా బిడ్డకేం పెట్టను?"

చింకాకి జాలేసింది. లేచి నిలబడి, ఆ కొట్టూ ఆ వీధీ తనవే అయినట్టు చెయ్యి చాపింది. "నిలబడు. చంటిబిడ్డ తల్లివి, నీకు మినహాయింపు. నేను మాట్లాడతాలే. చెయ్యి ఇటివ్వు," అని పెన్ను తీసి త్రాన్సితో చేతి మీద రెండు అంకె వేసింది. తన చేతి మీద ఒకటి అప్పటికే ఉంది.

ఇద్దరు మనుషులు మూసిన షట్టరు ముందు వరసగా నిలబడితే అది లైను. వెనెజులావాడికి లైను కనబడితే కాళ్ళు వాటంతటవే ఆగిపోతాయి. దేనికని అడగడం తర్వాత. పనులకి పోతున్న హోటలువాళ్ళు ఒకడొచ్చి ఆగాడు, వాడి వెనక ఇంకొకడు. "ఏమొచ్చింది?" "తెలీదు, ఏదో వచ్చింది." "అయితే నా వెనక నా తమ్ముడు కూడా ఉన్నాడు, వస్తాడు, చోటుంచు." చూస్తుండగానే లైను మూల తిరిగింది. చింకా పెన్ను పట్టుకుని చివరిదాకా నడిచి అంకెలు వేసి వచ్చింది. తోసుకోవద్దంది, ముసలాయన్ని గోడకి ఆనుకోమంది, ఇద్దరు కుర్రాళ్ళు గొడవపడుతుంటే మధ్యలో ఒక లావుపాటావిణ్ణి నిలబెట్టింది. ఈ దేశం వచ్చాక ఆవిడ నడుము అంత నిటారుగా నిలవడం అదే మొదలు.

అసలు గొడవ ఒక్క మాటతో వచ్చింది. కొట్టు తెరిస్తే కాఫీ తాగుదామని వచ్చిన, రదామెస్ ద్వీపానికే చెందిన పెద్దాయన ఒకడు త్రాన్సితో పక్కన నిలబడ్డాడు. ఆవిడ ఆశగా, "గువాగువాకి కూడా ఏమైనా ఇస్తారంటారా అయ్యా?" అని అడిగింది. కొండవాళ్ళకి గువాగువా అంటే చంటిబిడ్డ. ద్వీపంవాళ్ళకి గువాగువా అంటే బస్సు. పెద్దాయన కళ్ళు మెరిశాయి. "ఏంటి, బస్సుకి కూడా ఇస్తున్నారా?" అని వెనక్కి తిరిగి వెనకవాడికి చెప్పాడు. వెనకవాడు తన వెనకవాడికి బస్సు పాసులిస్తున్నారన్నాడు. ఆ వెనకాయన పాసులు కాదు, బస్సే వస్తుందట, ఎక్కించుకుపోతారట అన్నాడు. ఎక్కడికి? ఇంకెక్కడికి, పనికి! మాట మూల తిరిగేసరికి బస్సులో తీసుకెళ్ళి పని చేసుకునే కాగితాలు చేతిలో పెడుతున్నారని తేలిపోయింది. అప్పుడు చూడాలి! జనం ఫోన్లు తీసి బంధువులందరికీ చెప్పేశారు. తడిజుట్టుతో ఒకావిడ పరిగెత్తుకొచ్చింది, ఒకాయన పెళ్ళి కోటు తొడుక్కుని వచ్చాడు.

ఆ మాట తిరిగి తిరిగి లైను తలకాయ దగ్గరికి వచ్చింది. "అమ్మా, ఇక్కడ పని కాగితాలిస్తున్నారట!" అంది త్రాన్సితో, ఊపిరాడకుండా.

చింకా కూడా నమ్మేసింది. లైనే చెబుతుంటే కాదనడానికి తనెవరు? "అవునా? పిండితో పాటా, విడిగానా?" అంది.

అప్పుడు పోలీసాయన వచ్చాడు. స్పానిష్ వచ్చినవాడే. కాలిబాటంతా జనం. లైను తోక దగ్గర నిలబడి, "ఏంటిది? దేనికి?" అని అడిగాడు. "ముందున్నాయనకి తెలుసండి." ముందున్నాయనకి ఆ ముందున్నావిడ చెప్పిందట. ఆవిణ్ణి అడిగితే, "కోటేసుకొచ్చినాయన్ని అడగండి, చదువుకున్నవాడిలా ఉన్నాడు," అంది. కోటాయన తన ముందువాళ్ళ వైపు వేలు చూపించాడు. అలా అడుగుతూ అడుగుతూ, మూల తిరిగి, ముసలాయన్ని దాటి, బస్సు పెద్దాయన్ని దాటి, త్రాన్సితోని దాటి, స్టూలు మీద కూర్చున్న చింకా దగ్గర ఆగాడు. ఇక ముందెవరూ లేరు. మూసిన షట్టరే ఉంది.

"నువ్వు దేనికి నిలబడ్డావమ్మా?"

"నాది శుక్రవారమండి," అంది చింకా, మర్యాదగా.

ఆయనకి తల గిర్రున తిరిగింది. "చూడమ్మా, దారి మూసుకుపోయింది. కాసేపట్లో కొట్టు తెరవకపోతే వీళ్ళందర్నీ పంపించేస్తా. నువ్వూ ఇంటికెళ్ళు."

లైను చెదిరితే ఈ శుక్రవారం పోయినట్టే. మళ్ళీ శుక్రవారందాకా డబ్బాల్లేవు, పిండి లేదు. ఒళ్ళో పిల్ల ఉంది, బరువే లేదు దానికి. "బాబూ, నన్ను కావాలంటే పట్టుకుపో. లైను మాత్రం చెదరగొట్టకు. నీకు దణ్ణం పెడతాను," అని నిజంగానే చేతులు జోడించింది. ఆయన ఇబ్బందిగా టోపీ తీసి బుర్ర గోక్కున్నాడు.

ఇంతలో రదామెస్ వచ్చాడు. మూల తిరిగాడు, జనాన్ని చూశాడు, పోలీసుని చూశాడు, రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. "అయ్యో నా కొట్టు! తగలబడిందా? దోచేశారా?"

"నీ కొట్టుకేం కాలేదు. నువ్వేమిస్తున్నావో ముందది చెప్పు," అన్నాడు పోలీసాయన.

"నేనా? ఇవ్వడమా?" రదామెస్ బిత్తరపోయాడు. "కావాలంటే మా ఆవిణ్ణి అడగండి సారూ, నేను పుట్టి బుద్ధెరిగాక ఎవరికీ ఏమీ ఇవ్వలేదు!"

షట్టరు లేచింది. చింకా అందర్నీ ఆగమని సైగ చేసి, పిల్ల చెయ్యి పట్టుకుని, గుళ్ళోకి వెళ్ళినట్టు లోపలికి వెళ్ళింది. పిండి పొట్లాలు అడుగు అరలో ఉన్నాయి. రెండు తీసుకుంది. వాటిని కౌంటరు మీద పెట్టి జాకెట్లోంచి కార్డు తీసి ఇచ్చింది.

"ఇంకా ఉన్నాయి పెద్దమ్మా, కావాలంటే అన్నీ తీసుకో," అన్నాడు రదామెస్.

"మనిషికి రెండే కదా?"

"ఎవరు చెప్పారు? సర్లే, నంబరు కొట్టు."

చింకా వేలికున్న గుడ్డ విప్పి, బొటనవేలు మిషను అద్దం మీద గట్టిగా నొక్కింది. మిషను పలకలేదు.

"నంబరు, పెద్దమ్మా, నంబరు."

"వేలు కాదా?"

"వేలితోనే కొట్టు."

వేలితోనే అన్నాడుగా అని ఇంకా గట్టిగా నొక్కింది. ఒంటి బరువంతా దాని మీద వేసింది. కౌంటరు మీద కూర్చున్న పిల్లి లేచి పోయింది. రదామెస్ ఇటు వచ్చి, ఆవిడ చూపుడువేలు పట్టుకుని, కూతురు రాత్రి కంఠస్థం చేయించిన నాలుగంకెలూ ఆవిడ చెబుతుంటే ఒక్కొక్కటే నొక్కించాడు. మిషను కిచకిచమంది.

"అంతే. అయిపోయింది."

చింకా కదల్లేదు. ఎవరైనా అరుస్తారేమోనని చూసింది. ఎవరూ అరవలేదు. "మళ్ళీ వచ్చే శుక్రవారం రానా?"

"సాయంత్రం రా. రేపు రా. ఆదివారం రా, ఆదివారం కూడా తెరిచే ఉంటా. నీకేమైనా పిచ్చా పెద్దమ్మా, పిండి కొనుక్కోడానికి చీకట్లో లేచి రావడమేంటి?"

"ఏ రోజైనా?"

"ఏ రోజైనా."

సంతోషించాలి కదా. ఆవిడకి ఏడుపొచ్చింది. తెల్లారి లేవడం, చోటు పట్టడం, అంకెలు వేయడం, పేటంతా తనకోసం ఎదురుచూడటం, అదంతా ఈ ఊళ్ళో ఎందుకూ పనికిరాదు. యోర్విస్ చెప్పిందే నిజం. ఇక తనేం చెయ్యాలి? గదిలో కూర్చుని కిటికీ చూడాలా?

బయటనుంచి కేకలు మొదలయ్యాయి. "ఏమిచ్చాడమ్మా? కాగితాలేవి? బస్సెప్పుడు?" రదామెస్ తలుపు దగ్గరికి వెళ్ళి, ఏమీ లేదు, పొండి పొండి అన్నాడు. ఒక్కడూ కదల్లేదు. లైన్లో ఇంతసేపు నిలబడ్డాక ఏమీ లేదంటే ఎవడు నమ్ముతాడు? లోపల దాచేశాడంటారు.

"పెద్దమ్మా, ఈ లైను నువ్వు తెచ్చావు, నువ్వే తీసుకుపో," అన్నాడు రదామెస్.

"వట్టి చేతుల్తోనా?" చింకాకి రోషమొచ్చింది. కళ్ళు తుడుచుకుంది. "నా లైన్లో నిలబడ్డవాళ్ళు వట్టి చేతుల్తో ఇంటికి పోవడం నా జన్మలో లేదు. నీ పెనం వెలిగించు. చీజు తియ్యి. ఉప్పెక్కడ?"

"పెనం నాది పెద్దమ్మా..."

"చెయ్యి నాది. నెలరోజులుగా పిండి తగల్లేదు దీనికి. జరుగు అవతలికి!"

రదామెస్ వ్యాపారి. బయట జనాన్ని ఓసారి చూశాడు, లోపల కాఫీ గిన్నె చూశాడు. అరెపా తిన్నవాడు కాఫీ తాగకుండా పోడు. జరిగాడు. చింకా రెండు పొట్లాలూ గిన్నెలో గుమ్మరించి, గోరువెచ్చని నీళ్ళు పోసి, ఉప్పేసి, పిసికింది. ముద్దలు చేసి అరచేతుల మధ్య తట్టింది. పెనం మీద పడ్డాక ఆ కమ్మటి వాసన తలుపు దాటి, లైను వెంబడి మూల తిరిగింది. పని కాగితాల మాట అక్కడితో ఆగిపోయింది. "అరెపా!" అని ఎవడో అరిచాడు. "ఎవరిదీ చెయ్యి? మరకైబోదే!" పోలీసాయన తను పోవాల్సిన పని మర్చిపోయి గుమ్మంలో నిలబడ్డాడు.

మొదటి అరెపా చీల్చి, చీజు కూరి, ఊది, చింకా మనవరాలి చేతిలో పెట్టింది. ఈ ఒక్క దానికోసమే కదా ఇదంతా. ఊపిరి బిగపట్టి చూసింది.

విల్‌మారిస్ దాన్ని రెండు చేతుల్తో పట్టుకుంది. వాసన చూసింది. గుటక వేసింది. తర్వాత తిరిగి ఇచ్చేసింది.

"నేను తినేశాను అమ్మమ్మా. నువ్వు తిను."

"ఎప్పుడు తిన్నావే? చీకట్నుంచీ నా ఒళ్ళోనేగా ఉన్నావు!"

"తినేశాను," అంది పిల్ల, నెమ్మదిగా, నవ్వుమొహం పెట్టి. "కడుపు నిండిపోయింది. చూడు." అని పొట్ట మీద చేత్తో తట్టి చూపించింది.

చింకా చేతిలో గరిట ఆగిపోయింది. ఆ నవ్వుమొహం, ఆ పొట్ట తట్టడం ఎవరివో ఆవిడకి తెలుసు. మరకైబోలో గిన్నెలో అడుగున కాస్తే మిగిలిన రోజుల్లో, అడవిలో ఒక్క బిస్కెట్టు పొట్లం మిగిలిన రోజుల్లో, తనే ఇలా నవ్వి, ఇలాగే పొట్ట తట్టుకుని, నేను తినేశానమ్మా, నువ్వు తిను అనేది. ప్రతిరోజూ అనేది. పిల్ల నమ్మిందనుకుంది. పిల్ల నమ్మలేదు, నేర్చుకుంది. ఇంట్లో అందరికీ చాలదని, పెద్దవాళ్ళకి మిగలాలని, అప్పట్నుంచీ అదీ తినేశాననే అంటోంది.

చింకా స్టూలు లాక్కుని పిల్ల ఎదురుగా కూర్చుంది. "ఒకటి చెప్పనా? నేను అప్పుడు తినలేదే. ఒక్కనాడూ తినలేదు. నాకిప్పుడు ఆకలేస్తోంది."

"నాకు తెలుసు," అంది పిల్ల.

"అయితే చూడు." చింకా అరెపా నోటినిండా కొరికింది. చీజు గడ్డం మీదికి కారింది. నమిలింది.

"మింగావా?"

"ఊఁ."

"నోరు చూపించు."

చింకా అంతమంది ముందు నోరు బార్లా తెరిచి, నాలుక బయటపెట్టి చూపించింది. పిల్ల వంగి, దాచిందేమోనని బుగ్గల లోపల అటూ ఇటూ చూసింది. "ఇంకోసారి," అంది. చింకా ఇంకోసారి కొరికింది. గుమ్మంలోంచి త్రాన్సితో, "ఏంటమ్మా, లైను ఆగిపోయింది?" అని అరిచింది. "ఆగు! ఇక్కడ తనిఖీ జరుగుతోంది!" అని రదామెస్ అరిచాడు. చింకా ఆఖరి ముక్కదాకా తిని, వేళ్ళు నాకి, నోరు మళ్ళీ తెరిచి చూపించింది. పిల్లకి అప్పుడు నమ్మకం కుదిరింది.

చింకా పెనం మీది రెండోది తీసి ఇచ్చింది. విల్‌మారిస్ అటూ ఇటూ చూసి చిన్న ముక్క కొరికింది. తర్వాత కాస్త పెద్దది. తర్వాత ఊదుకోవడం కూడా మర్చిపోయి, బుగ్గలు రెండూ ఉబ్బించుకుని, కళ్ళవెంట నీళ్ళొస్తున్నా ఆపకుండా తింది. లైన్లో ఉన్నవాళ్ళకి ఏం అర్థమైందో, ఎవరూ తొందరపెట్టలేదు.

చేతిలోది అయిపోయింది. పిల్ల పెనం వంక చూసింది, అమ్మమ్మ వంక చూసింది. దేశం దాటినప్పట్నుంచీ దాని నోట ఎవరూ వినని మాట అడిగింది.

"ఇంకా ఉందా?"

"ఉందే తల్లీ, ఉంది," అని చింకా ఇంకో ముద్ద చేతిలోకి తీసుకుని తట్టడం మొదలుపెట్టింది.